ప్రశ్నలు సరే, జవాబులు దిద్దేదెవరు?

మొన్న దసరా సెలవులకు మా తమ్ముడి భార్య నిర్మల్ నుంచి వచ్చింది. నిర్మల్ అనగానే కొయ్యబొమ్మలు తెచ్చి వుంటుందని మా పిల్లలు ఆమె చేతిలో సంచీ లాక్కున్నారు. తీరా విప్పి చూస్తే అందులో బొమ్మలు లేవు. దిండంత లావున నాలుగు పుస్తకాలున్నాయి. వాటి మధ్య పాలవాడి లెక్క రాసుకునే చిన్న నోటుబుక్కు, రెండు రీఫిల్లు అయిపోయిన పెన్నులు. పిల్లల మొహాలు వేలాడిపోయాయి.

"తెలుగు నెట్ పరీక్ష వదినె. ఇంతకుముందు రెండుసార్లు కొద్ది మార్కుల్లో పోయింది. ఈసారి కూడ పోతే ఇంక చాలు, కుట్టుమిషను కొనుక్కొని కూసుంట" అంది.

నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు వెనక ఏముందో ఆడదాన్ని కాబట్టి నాకు తెలిసింది. పదకొండేళ్ళుగా ప్రైవేటు బడిలో తెలుగు పంతులమ్మ. ఎం.ఏ. పాసైంది. నెట్ గట్టెక్కితే డిగ్రీ కాలేజీలో అధ్యాపకురాలి ఉద్యోగానికి అర్హత వస్తుంది. అధ్యాపకుల అర్హతకు వయసు అడ్డం లేదు గనక ఇంకా ఎన్నిసార్లయినా రాయవచ్చు. కానీ ఇంట్లో ఓపికకు వయసు అడ్డం వుంటుంది కదా! "మళ్ళీ పరీక్షా?" అని అత్తగారు పైకి అనకపోయినా, చదువుకుంటుంటే గిన్నెలు కాస్త గట్టిగా పెడుతుందట. ఆ చప్పుడు మనందరికీ తెలిసిందే.

ఆ రాత్రి పనులన్నీ అయ్యాక ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. నేను పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడగాలి, ఆమె చెప్పాలి, వెనక పేజీలో కీ చూసి నేను మార్కు వేయాలి. హాయిగానే సాగింది, ఒక ప్రశ్న వచ్చేదాకా. "తెలుగులో మొదటి కంద పద్యాలు ఏ శాసనంలో వున్నాయి?"

"కురిక్యాల" అంది ఠక్కున.

కీలో "అద్దంకి" అని వుంది. రెండో పుస్తకం తీశాం. అందులో కురిక్యాలే. ఫోనులో ఎవరో పంపిన మాదిరి పరీక్ష తెరిస్తే "బెజవాడ" అని ఆకుపచ్చ రంగులో మెరిసింది. ఒక పెండ్లికి ముగ్గురు అయ్యవార్లు మూడు ముహూర్తాలు పెట్టినట్టుంది! "ఏది నమ్మాలె వదినె? తప్పు పుస్తకంతోటి ప్రాక్టీసు చేసి చేసి, తెలిసింది కూడ మరిచిపోయేటట్టున్న" అని ఆమె పుస్తకం మూసేసింది.

నేనూ బి.ఏ. చదివినదాన్నే, నాలుగు నవలలు రాసినదాన్నే. కురిక్యాల మా అమ్మమ్మ పుట్టింటికి కూతవేటు దూరం. అయినా ఆ క్షణాన "నీదే రైటు" అని గట్టిగా చెప్పలేకపోయాను. అచ్చయిన కీ ముందు మన తెలివి ఎంత తొందరగా తల వంచుతుందో చూశారా? ఆ సిగ్గులోంచే ఈ వ్యాసం పుట్టింది. సాహిత్యానికి పరీక్ష పెట్టడం, ఆ పరీక్షకు ముందే ప్రశ్నలు వెతుక్కోవడం ఎప్పుడు మొదలైంది? మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వాళ్ళు ఏం చేశారు?

మాదిరి ప్రశ్నల వ్యాపారం ఇవాళ్టిది కాదు సుమండీ. చైనా దేశంలో ప్రభుత్వోద్యోగాలకు సాహిత్య పరీక్షలు పదమూడు వందల ఏళ్ళపాటు జరిగాయి. 1905లో వాటిని రద్దు చేశారు. ప్రాచీన గ్రంథాలు కంఠస్థం చేసి, ఫలానా కొలతలో వ్యాసం రాయాలి. అంచేత, నెగ్గినవాళ్ళ వ్యాసాలు అచ్చు వేసి అమ్మే దుకాణాలు అక్కడ ఎన్నడో వెలిశాయి. కుర్రవాళ్ళు మూలగ్రంథాలు మానేసి వీటినే బట్టీ పడుతున్నారని పెద్దవాళ్ళు అప్పుడే గోల పెట్టారు. మన దేశాన్ని ఏలే ఐ.సి.ఎస్. ఉద్యోగాలకు 1855లో లండన్‌లో పోటీ పరీక్ష మొదలైంది. అందులో ఇంగ్లీషు సాహిత్యానిది పెద్ద పీట. వెంటనే ఆ వూళ్ళో కూరి కూరి చదువు చెప్పే ప్రైవేటు ట్యూటర్ల పంట పండింది. పరీక్ష ఎక్కడుంటే గైడు అక్కడుంటుంది. చీమా చక్కెరా లాగన్నమాట.

కోస్తా వైపు మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో వచ్చింది గనక వాళ్ళకు తెలుగు పరీక్షలూ తొందరగానే వచ్చాయి, పరీక్షల తగవులూ తొందరగానే వచ్చాయి. విద్యార్థి వ్యాసం గ్రాంథికంలో రాయాలా, వాడుక భాషలో రాయాలా అని పెద్ద యుద్ధమే జరిగింది. గురజాడ అప్పారావుగారు వాడుక భాష తరఫున 1914లో విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రం రాసింది ఆ తగవులోనే. కాస్త ఆలోచిస్తే అది కూడా కీ గురించిన పోట్లాటే. ఏది ఒప్పు, ఏది తప్పు అని ఎవరు తేల్చాలి?

మా వైపు సంగతి వేరు. మాకు తప్పు కీ మాట అటుంచి, ప్రశ్నపత్రమే లేదు. నిజాం రాష్ట్రంలో బడి చదువు ఉర్దూలో. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టారు. ఒక భారతీయ భాషలో పై చదువులన్నీ చెప్పిన గొప్ప ప్రయోగం అది, కాదనలేం. కానీ ఆ భాష ఉర్దూ. కరీంనగర్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు లెక్కలూ చరిత్రా అన్నీ ఉర్దూలో నేర్చుకోవాలి. ఆదిలాబాద్‌లో మరీనూ! ఇంట్లో తెలుగో గోండో, అంగట్లో మరాఠీ, కచేరీలో ఉర్దూ. సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు బి.ఏ. దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. తెలుగు పుస్తకాలు హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో చదువుకున్నారు. ఆ గ్రంథాలయం 1901లో పెట్టింది. ఆ తరవాతనే ఆయన తెలుగు ఎం.ఏ., డాక్టరేటూ, 1988లో జ్ఞానపీఠం. ఆదిలాబాద్ జిల్లా తెలుగుపల్లెలో 1928లో పుట్టిన సామల సదాశివగారిదీ ఉర్దూ చదువే. ఆయన ఉర్దూ, ఫారసీ, మరాఠీ, హిందీ అన్నింటినీ తెలుగులోకి తెచ్చి పోశారు. "స్వరలయలు" పుస్తకానికి ఆయనకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

మగపిల్లల పాట్లు ఇలా వుంటే ఆడపిల్లల మాట చెప్పాలా? మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదు నారాయణగూడలో తెలుగులో చెప్పే బాలికల పాఠశాల పెట్టారు. తెలుగులో చదివిన పిల్లలకు ఆ రాష్ట్రంలో పరీక్ష ఎవరు పెడతారు? చివరికి మహారాష్ట్రంలో కార్వేగారు 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించి, ఆ పరీక్షలు రాయించారు. హైదరాబాదులోని తెలుగు పిల్ల తెలుగులో చదివినందుకు పాసయ్యావని చెప్పే కాగితం మహారాష్ట్రం నుంచి రావాలి! ఇవాళ తలచుకుంటే నవ్వొస్తుంది, తరవాత కడుపులో ఏదోలా వుంటుంది.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. తెలంగాణంలో కవులే లేరని ఎవరో రాసిన మాట పత్రికకెక్కింది. అంటే, "తెలంగాణ కవులు ఎందరు?" అన్న ప్రశ్నకు "సున్న" అని కీ అచ్చయిందన్నమాట. దాన్ని చూసి సురవరం ప్రతాపరెడ్డిగారు తిట్టుకుంటూ కూర్చోలేదు. వూరూరి నుంచీ పద్యాలు తెప్పించారు. 1934లో "గోలకొండ కవుల సంచిక" తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. తప్పు కీకి ఇంతకంటె మంచి సవరణ నేనెక్కడా చూడలేదు. అభ్యంతరం చెప్పేవాళ్ళు రుజువు పట్టుకుని రావాలని ఆనాడే చూపించిన పుస్తకం అది.

ఆ తరవాత, 1943లో, హైదరాబాదులో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. దేవులపల్లి రామానుజరావుగారి వంటివారు ఏళ్ళతరబడి దాన్ని మోశారు. తరవాత ఆంధ్ర సారస్వత పరిషత్తు అయింది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక తెలంగాణ సారస్వత పరిషత్తు అయింది. ఈ పరిషత్తు చేసిన పనులు చాలా వున్నాయి గానీ మా ఇళ్ళల్లోకి వచ్చింది మాత్రం మూడు పరీక్షల రూపంలో: ప్రాథమిక, ప్రవేశ, విశారద. బడికి పోనివాళ్ళు కూడా ఇంట్లో చదువుకుని రాయవచ్చు. ఇంట్లో చదువుకోవచ్చు అన్న ఆ ఒక్క మాట ఎంతమంది ఆడవాళ్ళకు తలుపు తీసిందో!

మా అమ్మమ్మ అలా తలుపు తీసుకున్న మనిషే. కురిక్యాల పక్క పల్లెలో పుట్టి, పెద్దబాలశిక్షతో తండ్రి దగ్గర అక్షరాలు నేర్చుకుని, పెళ్ళయి కరీంనగర్ వచ్చింది. ఇద్దరు పిల్లల తరవాత ప్రాథమిక రాసింది. ఆవిడ ఎర్ర అట్ట నోటుబుక్కు మా అమ్మ పెట్టెలో ఇప్పటికీ వుంది. ఆ రాత్రి కీల తగవు తెగక, మరునాడు నేనూ మా మరదలూ దాన్ని బయటకు తీశాం. నాఫ్తలీన్ వాసన, అంచులు పురుగు కొట్టాయి, లోపల ముత్యాల్లాంటి అక్షరాలు.

ఆ రోజుల్లో గైడ్లు అంతగా లేవు. పాఠ్యపుస్తకమే దొరికేది కాదు. ఒకటి దొరికితే నలుగురు పంచుకునేవారు. మధ్యాహ్నం వంటలయ్యాక మా ఇంటి వసారాలో నలుగురు ఆడవాళ్ళు చేరేవారట. ఒకామె చేతిలో బియ్యం చాట, ఒకామె ఒళ్ళో పిల్ల, ఒకామెకు అల్లిక. అమ్మమ్మ గట్టిగా పద్యం చదివితే మిగతావాళ్ళు అర్థం చెప్పాలి. నోటుబుక్కులో పోతన భాగవతం ప్రశ్నలు, భాస్కర రామాయణం ప్రశ్నలు, చిన్నయసూరి బాలవ్యాకరణం సంధులు, ఛందస్సు గణాలు వరసగా వున్నాయి. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకం మీద కూడా ఒక పేజీ వుంది. మా జిల్లా కవి కాబట్టి పరీక్షలో వచ్చినా రాకున్నా చదవాలని అమ్మమ్మ పట్టు.

అయితే ఆవిడా మొదట మనలాంటిదే. ప్రవేశ పరీక్షకు ముందు ఎవరో "తప్పక వచ్చే ప్రశ్నలు" అని నాలుగు కాగితాలు అమ్మితే కొనుక్కుంది. అవి తప్ప మరేమీ చదవలేదు. పరీక్షలో అవి ఒక్కటీ రాలేదు. ఫెయిలయింది. తాతయ్య ఏమీ అనలేదట, ఆవిడే రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోనాడు నోటుబుక్కులో కొత్త పేజీ మొదలుపెట్టి పైన రాసుకున్న మాటలు ఇవి: "ప్రశ్న అడిగినవారు పుట చూపవలెను."

అదే వాళ్ళ నియమం అయింది. నలుగురూ ఒక భాగం చదివి, తలా రెండు ప్రశ్నలు తయారుచేసుకు రావాలి. అడిగినామె జవాబు ఎక్కడుందో పుస్తకం తెరిచి చూపించాలి. చూపలేకపోతే ఆ ప్రశ్న కొట్టివేత! ఇద్దరు పండితులు రెండు రకాలుగా చెప్పిన చోట ఆ ఇద్దరి పేర్లూ రాసుకునేవారు. నోటుబుక్కులో ప్రతి ప్రశ్న పక్కనా పుట సంఖ్య వుంది. కొన్నింటి పక్కన "చూడలేదు" అని నిజాయితీగా రాసుంది. పాత పరీక్ష రాసివచ్చినవాళ్ళను పట్టుకుని, వాళ్ళకు ఏం ప్రశ్నలు వచ్చాయో ఉత్తరాలు రాయించి తెప్పించుకున్నవి వేరుగా, "నిజముగా వచ్చినవి" అన్న శీర్షిక కింద వున్నాయి. అంటే వచ్చిన ప్రశ్న వేరు, వస్తుందనుకున్న ప్రశ్న వేరు అని ఆవిడ ఎప్పుడో గీత గీసింది.

మా మరదలు ఆ పేజీ మీద చెయ్యి వేసి, "వదినె, నేను ఈ రెంటినీ కలిపి కొట్టుకున్న" అంది మెల్లిగా.

నవ్వుకునే సంగతులూ వున్నాయి. విశ్వనాథ సత్యనారాయణగారు 1959 నుంచి 1961 దాకా కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వున్నారు. తరవాత 1970లో తెలుగుకు మొదటి జ్ఞానపీఠం తెచ్చింది ఆయనే కదా. అంతటి మనిషి వూళ్ళోనే వుంటే ఈ నలుగురికీ ఒక ఆలోచన వచ్చిందట, పోయి సందేహాలు అడిగితేనో అని. "పోదాం పోదాం అనుకున్నం గని, ఆయన ముందర నోరు తెరిచి తప్పు మాట్లాడితే ఎట్లనే బిడ్డా! గా బుగులుకే పోలే" అని అమ్మమ్మ చెప్పేది. ఇంటికి అల్లంత దూరంలో మహా గ్రంథం నడుస్తూ వుంటే, వసారాలో కూర్చుని బియ్యం ఏరుతూ చదువుకున్నారు పాపం.

అమ్మమ్మ విశారద దాకా వెళ్ళింది. ఆ రోజుల్లో ఈ పరీక్షలు రాసి తెలుగు పండితులై బళ్ళకు వెళ్ళినవాళ్ళున్నారు. అమ్మమ్మ వెళ్ళలేదు, వెళ్ళనివ్వలేదు. కానీ వీధిలో ఏ పిల్లకు తెలుగు సందేహం వచ్చినా మా వసారాకే వచ్చేది.

తరవాత కాలం మారింది. గైడ్లు వచ్చాయి, ప్రశ్నోత్తర మాలికలు వచ్చాయి, ఆపైన బిట్లు వచ్చాయి. వ్యాసం రాసే పరీక్షలో ఒక సదుపాయం వుండేది. నువ్వు చెప్పింది పరీక్షకుడి అభిప్రాయం కాకపోయినా, కారణం చూపిస్తే సగం మార్కులైనా పడేవి. బిట్టులో ఆ దయ లేదు. నాలుగింటిలో ఒకటే ఒప్పు. కళాశాల అధ్యాపకులకు పెట్టే నెట్ పరీక్షలో కూడా 2012 జూన్‌లో రాతప్రశ్నల పత్రం పోయి, అన్నీ గుర్తు పెట్టే ప్రశ్నలే అయ్యాయి. 2018 డిసెంబరు నుంచి జాతీయ పరీక్షల సంస్థ కంప్యూటరు మీద నిర్వహిస్తోంది. రెండు పత్రాలు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు. అందులో 100 ప్రశ్నలు తెలుగు మీద. జతపరచమంటారు, కాలక్రమంలో పేర్చమంటారు, ఒక వాక్యానికి ఇంకో వాక్యం కారణమా అని అడుగుతారు. తప్పుకు మార్కు కోయరు, కానీ పక్కదానికి రెండు మార్కులు ఎక్కువ వస్తే చాలు, మనం వెనకబడతాం. అంచేత కీ తప్పయిన గైడు చేసే నష్టం ఆనాటికంటె ఈనాడే ఎక్కువ.

ఇంతకీ కురిక్యాల మాట ఏమైందంటారా? అమ్మమ్మ నియమం ప్రకారం "పుట చూపవలెను" కదా. మేమిద్దరం చూడ్డం మొదలుపెట్టాం. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో గంగాధర దగ్గర కురిక్యాల వుంది. అక్కడి బొమ్మలగుట్ట మీద జైన దేవతల శిల్పాలతో పాటు ఒక శాసనం చెక్కి వుంది. వేములవాడ చాళుక్యుల కాలంలో, రెండవ అరికేసరి ఆస్థానంలో వున్న పంప కవి కన్నడానికి ఆదికవి. ఆయన తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఇది. కాలం సుమారు క్రీ.శ. 945. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ వుంది. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలు. నన్నయ భారతానికి వంద ఏళ్ళ ముందు! కరీంనగర్ జిల్లా శాసనాలన్నీ పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు కూర్చగా 1974లో అచ్చయ్యాయి కూడా.

మరి అద్దంకి ఎలా వచ్చింది? అద్దంకి శాసనం ఇంకా ముందుది, క్రీ.శ. 848 నాటిది. అందులోనూ తెలుగు పద్యం వుంది, కానీ అది తరువోజ. బెజవాడ యుద్ధమల్లుడి శాసనంలోవి మధ్యాక్కరలు. ఇంతవరకు దొరికిన వాటిలో తొలి కందాలు మాత్రం కురిక్యాలవి. ఎవరో ఎప్పుడో "మొదటి పద్య శాసనం ఏది?" అన్న ప్రశ్నకు అద్దంకి అని సరిగ్గానే రాశారు. దాన్ని చూసి రాసినవాళ్ళు "పద్యం" అన్నచోట "కందం" అని మార్చి, జవాబు మార్చడం మరిచారు కాబోలు. చూసి రాసినవాణ్ణి చూసి మరొకడు రాశాడు. పక్కింటి నుంచి తోడు తెచ్చుకున్న పాలు పులిసినవైతే మన పెరుగూ పులుపే కదా.

అయినా ఒక్క ప్రశ్నకు ఇంత గొడవెందుకు అంటారేమో. నాకు మాత్రం అది ఒక్క ప్రశ్నలాగా కనిపించలేదు. ఉర్దూ చదువుల కాలంలో మా వూళ్ళ తెలుగుకు ప్రశ్నపత్రమే లేదు. 1934కు ముందు మా కవులు సున్న అన్నారు. ఇవాళ ప్రశ్న మా గుట్ట మీద పద్యాల గురించే అడిగి, జవాబు వేరే వూరికి ఇచ్చేస్తే, మా పిల్లలు దాన్నే బట్టీ పట్టి, రేపు బళ్ళో అదే చెబుతారు. మా మరదలే ప్రతి ఏడూ యాభై మంది పిల్లలకు తెలుగు చెబుతుంది మరి.

అందుకని ఆ సెలవుల్లో మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. మీ ఇంట్లో ఇలాంటి పరీక్షలు రాసేవాళ్ళుంటే పనికి రావచ్చు, చెబుతాను. మొదట, పరీక్ష పెట్టేవాళ్ళే బయటపెట్టిన పాత ప్రశ్నపత్రాలు. నెట్‌వి పరీక్ష సంస్థ వెబ్‌సైటులోనే దొరుకుతాయి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ వాళ్ళూ పరీక్ష అయ్యాక కీ పెడతారు. అందులోనూ మొదట పెట్టే ప్రాథమిక కీ కాదు, అభ్యంతరాలు విన్నాక పెట్టే తుది కీ చూసుకోవాలి. నెట్‌లో ప్రశ్నకింత అని రుసుం కట్టి, రుజువు జోడించి అభ్యంతరం చెప్పవచ్చు. అంటే ప్రభుత్వమే తన కీ తప్పు కావచ్చునని ఒప్పుకుని గడువు ఇస్తోంది. మరి గైడువాడి కీని మనం వేదంలా నమ్మడమేమిటి?

రెండోది, బజారు పుస్తకాలు వద్దని కాదు. వేగం కోసం, గడియారం పెట్టుకుని అలవాటు పడటం కోసం అవి వాడుకోవచ్చు. కానీ పుస్తకం కొనేముందు మీకు బాగా తెలిసిన పది ప్రశ్నలు అందులో వెతికి కీ చూడండి. మీ జిల్లా కవి గురించో, మీరు ఎం.ఏ.లో చదివిన కావ్యం గురించో. పదిలో రెండు తప్పులుంటే, తెలియని తొంభైలో ఎన్నుంటాయో లెక్క వేసుకోండి. కూరగాయలు ఏరినట్టు ఏరాలి. మూడోది అమ్మమ్మది: నలుగురు కలిసి, మూలం చదివి, ప్రశ్నలు మీరే వేసుకోవడం. ప్రశ్న వేయడానికి పుస్తకం చదివినంత శ్రద్ధగా, జవాబు చెప్పడానికి ఎవరూ చదవరు. మా మరదలు ఇప్పుడు నిర్మల్‌లో మరో ముగ్గురు పంతులమ్మలతో ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుంటోంది. అత్తగారి గిన్నెల చప్పుడు తగ్గిందట. ఆ నలుగురికీ చాయ్ పెట్టే పని ఆవిడే తీసుకుంది. పద్యాలు చదువుతుంటే గుమ్మంలో నిలబడి వింటోందట కూడా.

వెళ్ళే ముందురోజు మేమిద్దరం బొమ్మలగుట్టకు వెళ్ళి వచ్చాం. బండ మీద అక్షరాలు వెయ్యేళ్ళకు పైగా ఎండకూ వానకూ ఓర్చుకుని వున్నాయి. మనకు చదవ రాదు, నిజమే. కానీ చేత్తో తాకితే వేళ్ళకు తెలుస్తాయి. "బాసర సరస్వతమ్మ దగ్గర పిల్లగానికి అక్షరాభ్యాసం చేయించిన గని, నాకు ఇయ్యాల అయినట్టుంది వదినె" అంది మా మరదలు, చెప్పులు విప్పి పక్కన పెడుతూ.

ఇంటికి వచ్చాక నోటుబుక్కు మళ్ళీ పెట్టెలో పెట్టబోతే చివరి పేజీ కనబడింది. అందులో అమ్మమ్మ ఒకే ప్రశ్న రాసింది. "మా పుట్టింటి దగ్గర గుట్ట మీది రాతలు ఏ భాషవి? ఎవరు వ్రాయించిరి?" పక్కన పుట సంఖ్య లేదు, "చూడలేదు" అని మాత్రం వుంది. చిన్నప్పుడు చూసి వుంటుంది. అడిగితే చెప్పేవాళ్ళు లేరు. మా మరదలు తన పెన్ను తీసి, కింద జవాబు రాసింది, పక్కన పరబ్రహ్మశాస్త్రిగారి సంపుటం పేరు, సంవత్సరం రాసింది.

పరీక్ష డిసెంబరులో. ఎలా రాస్తుందో చూడాలి. మీ ఇళ్ళల్లో కూడా పెట్టెల అడుగున ఇలాంటి నోటుబుక్కులు వుండే వుంటాయి. తూకానికి వేసేముందు ఒకసారి చివరి పేజీ దాకా తిప్పి చూడండి.